రెండు చర్చి ఆదివారాలు

కోళ్ళకి పాలు పోస్తారని నాకు అమెరికా వెళ్ళాకే తెలిసింది. మా ఇంట్లో పాలు మనుషులకే చాలేవి కావు. కోళ్ళకి పిడికెడు నూకలు విసిరితే అదే మహాభాగ్యం. పెన్సిల్వేనియాలో మా అద్దె ఇంటికి అర మైలు దూరంలో, పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ పొలంలో మాత్రం, వెన్న తీయగా మిగిలిన పాలని రెండు రోజులు పులియబెట్టి, గడ్డ కట్టాక అందులో నలగ్గొట్టిన మొక్కజొన్న కలిపి కోళ్ళకి పెట్టేవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంత పెరుగు కోళ్ళపాలు చేస్తున్నారేమిటి అనుకున్నాను. ఆ కోళ్ళు పెట్టిన గుడ్డు ఇంటికి తెచ్చి పెనం మీద కొట్టాను. పచ్చసొన గుమ్మడిపువ్వు రంగులో ఉంది. ఇక నోరు మూసుకున్నాను.

ఇది డెబ్బైల చివరి సంగతి. మా ఆయన అక్కడ యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంజినీరు. నాకు ఉద్యోగం చేసే వీసా లేదు, కారు నడపడం రాదు. ఆయన పొద్దున్నే కారేసుకుని వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. నాలుగు తెలుగు మాటలు చెవిన పడాలంటే నెలకోసారి ఫిలడెల్ఫియాలో ఒకరి అపార్ట్‌మెంట్‌లో జరిగే ప్రార్థనకి పోవాల్సిందే. పిచ్చెక్కిపోతుందేమోనని ఒకరోజు చెప్పులేసుకుని రోడ్డు పట్టి నడిచాను. ఒక గేటుకి చేత్తో రాసిన చెక్క కనిపించింది. గుడ్లు అమ్ముతాము, ఆదివారం అమ్మము, అని. ఆ రెండో మాట చూసి, పరవాలేదు, మనలాంటి వాళ్ళేనని లోపలికి వెళ్ళాను.

కోళ్ళు ఆ ఇంటి పెద్దావిడవి. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయాడు. పెద్ద ఇంట్లో కొడుకూ కోడలూ పిల్లలూ, దాన్ని ఆనుకుని కట్టిన చిన్న ఇంట్లో ఈవిడ. ఆవులు, గుర్రాలు, పొలం కొడుకువి. వంటా తోటా కోడలివి. కోళ్ళు మాత్రం పూర్తిగా ఈవిడవి. కరెంటు లేదు, ఫోను లేదు, పోవాల్సి వస్తే గుర్రబ్బండి. ముదురు నీలం గౌను, తల మీద తెల్ల టోపీ, వేసవి వచ్చిందంటే కాళ్ళకి ఏమీ ఉండదు. నేను అలవాటు కొద్దీ కోళ్ళ గూడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపల అడుగుపెడితే, నా కాళ్ళ వంకా తన కాళ్ళ వంకా చూసి నవ్వింది. నేను ఆవిడని మనసులో మామ్మ అనుకోవడం ఆ రోజే మొదలైంది.

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఒక రకం జర్మన్. నాతో మామ్మ మాట్లాడే ఇంగ్లీషు నా ఇంగ్లీషులాగే నెమ్మదిగా, తడుముకుంటూ నడిచేది. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది. నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక పని చేతికిచ్చేది. కోళ్ళు పడుకునే కర్రలకి పేలు పట్టకుండా కిరసనాయిలు గుడ్డతో తుడవడం, పొయ్యిలో బూడిద ఇసుకతో కలిపి అవి పొర్లాడే పెట్టెలో పోయడం, వసంతం రాగానే గోడలకి సున్నం కొట్టడం. చలికాలంలో గూట్లో మోకాలి లోతు గడ్డి పరిచి అందులో గింజలు విసిరేది. గింజల కోసం కోళ్ళే గడ్డిని కెలికి కెలికి తిరగేసేవి. అడుగు నుంచి వెచ్చటి ఆవిరి వచ్చేది, బయట మంచు కురుస్తున్నా. గోధుమ కోతలు అయ్యాక చక్రాలున్న ఇంకో చిన్న గూటిని గుర్రానికి కట్టి పొలంలోకి లాగించేది. రాలిన గింజలు ఏరుకుని కోళ్ళు బలిసేవి. కోడిని చంకలో ఇరికించుకుని, తోక కింద ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూడడం నేర్పింది నాకు. మూడు వేళ్ళు పట్టాయంటే గుడ్లు పెడుతున్నట్టు. ఒక్క వేలే పట్టిందంటే కూరకి.

పొదుగుకి వచ్చిన పెట్ట కింద పదమూడు గుడ్లు పెట్టేది. మా నాయనమ్మ పొదిగేసేటప్పుడు గంపలో బొగ్గు ముక్కా, ఇనప ముక్కా వేసేదని, ఉరుములకి గుడ్లు చెడిపోకుండా అని చెబితే, మామ్మ గడ్డి పక్కకి తీసి చూపించింది. అడుగున పాత గుర్రపు నాడా ఉంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆ గూటి వాసన వస్తుంది నాకు, ఎండు గడ్డీ సున్నమూ కలిసిన వాసన.

ఆ కోళ్ళన్నీ ఒకే సంతతి. మామ్మ పెళ్ళై వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టలు, వాటి పిల్లలు, పిల్లల పిల్లలు. పుంజుని మాత్రం ఎప్పుడైనా చెల్లెలి దగ్గర్నుంచి మార్చుకునేది. కాగితం ముక్క మీద ఏదీ రాసుకోలేదు. ఎరుపూ గోధుమరంగూ కలిసిన ఆ కోళ్ళు నాకు అన్నీ ఒకేలా కనిపించేవి. మామ్మ మాత్రం దేన్ని చూపించినా దాని తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో, ఏ ఏడు ఏ గంపలో పుట్టిందో చెప్పేది. ఆ ఇంట్లో ఎవరికి పాత సంగతి కావాలన్నా మామ్మనే అడిగేవాళ్ళు.

రెండో ఏడు చలికాలంలో మామ్మ మంచు మీద జారి పడింది. నెలకు పైగా మంచం మీదే ఉంది. లేచి తిరుగుతోందని తెలిసింది, చూడ్డానికి వెళ్ళాలి. ఉత్త చేతులతో ఎలా వెళతాం? ఫిలడెల్ఫియాలో ప్రార్థనకి వెళ్ళినప్పుడు, బతికున్న కోళ్ళు అమ్మే సందులో ఒక నల్ల పెట్ట కనిపించింది. మెడ మీద బంగారు ఈకలు, అచ్చం మన నాటు కోడి. చూసీ చూడగానే కొనేశాను.

"కార్‌లో రెట్ట వేసిందంటే క్లీన్ చేసేది నువ్వే," అన్నారు మా ఆయన.

"మీరు డ్రైవ్ చేయండి, చాలు," అని దాన్ని ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మామ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. వేళ్ళు పెట్టి చూసింది, కళ్ళు చూసింది, దాని ముక్కు తెరిచి వాసన చూసింది. "మంచి కోడి, అమ్మాయ్," అంది. "రెండు చర్చి ఆదివారాలు దాటేదాకా దీన్ని మిగతావాటితో కలపను." కట్టెల షెడ్డు వెనకున్న చిన్న కొట్టులో పెట్టి ఇనప గడియ వేసింది. వాళ్ళకి చర్చి రెండు వారాలకోసారి, అదీ ఒక్కోసారి ఒక్కొక్కరి ఇంట్లో. అంటే దాదాపు నెల.

ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేది. వాళ్ళ బతుకులో ప్రతిదానికీ చర్చి కట్టుబాటు ఉండేది. గౌను రంగుకి, టోపీ కుట్టుకి, బండి చక్రానికి కూడా. కట్టుబాటు తప్పిన మనిషిని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెడతారని కూడా విన్నాను. ఇదీ అలాంటిదే, బజారు కోడికి ఏదో మైల అంటుకుంది గావును, చర్చి జరిగితే గానీ పోదు గావును అనుకున్నాను. నేనూ క్రిస్టియన్నే కదా, నాకు తెలియని వాక్యమా అని కాస్త మిడిసిపాటు కూడా.

తర్వాతి ఆదివారం, మామ్మ వెన్న పెట్టిచ్చిన గిన్నె తిరిగిచ్చేద్దామని వెళితే ఇంట్లో ఎవరూ లేరు, అందరూ బండ్లు కట్టుకుని చర్చికి పోయారు. కొట్టులోంచి నల్ల పెట్ట ఒకటే అరుపు. అవతల గూటి ముందు మిగతా కోళ్ళన్నీ ఎండలో బూడిదలో పొర్లుతున్నాయి. రెండేళ్ళుగా నాలుగు గోడల మధ్య నేను చేస్తున్నది అదే కదా, అందరూ ఉండి ఎవరూ లేకుండా. గడియ తీసి, దాన్ని ఎత్తుకెళ్ళి ఆ కోళ్ళ మధ్య వదిలాను. పెద్ద తెలివిగా, గాలికి ఊడిందనుకుంటారని గడియని సగం జార్చి వచ్చేశాను.

మర్నాడు గుడ్లకి వెళితే కోడలు నవ్వుతూ చెప్పింది. "నిన్న మా అత్తయ్య కొట్టు గడియ వేయడం మర్చిపోయారు. మీ కోడి వెళ్ళి చుట్టాలని కలుసుకుంది."

మామ్మ తన వేళ్ళ వంక చూసుకుంటోంది. "వేశాననే గుర్తు," అంది. "గడియ చల్లగా తగిలింది కూడా."

ఆ క్షణంలో చెప్పేయాల్సింది. ఇంత చిన్నదానికి ఏం చెబుతాంలే అని నేనూ నవ్వాను.

పది రోజులు తిరగలేదు. ముందు ఒక పెట్ట మెడ చాచి నోరు తెరిచి గాలి పీల్చడం మొదలెట్టింది. తర్వాత ఇంకొకటి. మా ఊళ్ళో కొక్కెర తెగులంటారు. అదో, దాని చెల్లెలో. పశువుల డాక్టరు వచ్చి చూసి, కొత్త కోడి పైకి నిక్షేపంగా ఉండి లోపల జబ్బు మోసుకొచ్చిందన్నాడు. మిగిలినవాటిని కూడా ఉంచకూడదన్నాడు. "అందుకే కొత్తదాన్ని నెల రోజులు విడిగా పెడతాం," అని కోడలు నాతో అంది. కట్టుబాటూ కాదు, మైలా కాదు. మామ్మకి వారాలు లెక్కపెట్టుకునే పద్ధతి అది, అంతే.

కొడుకు గొయ్యి తవ్వి సున్నం పోశాడు. మామ్మ ఒక్కొక్క కోడినీ పట్టుకుని, దాని తల్లి ఎవరో చెప్పి, కొడుకు చేతికి ఇచ్చింది. ఆఖరిదాకా నిలబడి ఇచ్చింది. ఒక్క తప్పు పోలేదు.

మామ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే పెద్ద శిక్ష అయింది. వేసవిలో హేచరీ నుంచి పోస్టులో కోడిపిల్లలు వచ్చాయి, చిల్లులున్న అట్టపెట్టెలో కిచకిచలాడుతూ. మామ్మ వాటి దగ్గరికి రాలేదు. "నేను గడియ మర్చిపోయే మనిషిని," అని గూటి పని కోడలికి అప్పగించేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. సూపులో ఉప్పు వేశానా అని కోడల్ని అడగడం మొదలెట్టింది. ఉత్తరం రాసి, పోస్టులో వేశానో లేదోనని మళ్ళీ రాసేది. ఫలానా పెద్దనాన్న ఎప్పుడు పోయాడని కొడుకు అడిగితే, "నన్ను అడక్కు, నా మాట నమ్మేది కాదు," అంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ విన్నాను. ఆ తల నిండా ఉన్నదంతా ఉన్నట్టే ఉంది. నేను తెరిచిన ఒక్క గడియ వల్ల ఆవిడకి దాని మీద నమ్మకం పోయింది.

"ఇప్పుడు చెప్పి ఏం యూజ్?" అన్నారు మా ఆయన. "కోళ్ళు తిరిగొస్తాయా? ఉన్న ఫ్రెండ్‌షిప్ పోతుంది, అంతే." నాకూ కావాల్సింది ఆ మాటే. ఆరు నెలలు దాని చాటున దాక్కున్నాను. సిగ్గు లేకుండా గుడ్లు తెచ్చుకున్నాను, నెలనెలా ప్రార్థనకి వెళ్ళి కళ్ళు మూసుకున్నాను కూడా.

ఆకులు రాలే రోజుల్లో మా ఆయనకి మిషిగన్‌లో ఉద్యోగం ఖాయమైంది. వెళ్ళేముందు రోజు మధ్యాహ్నం మామ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న ఇంటి వరండాలో ఎండకి కూర్చుని ఉంది. కింద కూర్చుని, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, మొత్తం చెప్పాను. కోడి అరిచిందని, నేనే గడియ తీశానని, సగం జార్చి వెళ్ళిపోయానని. "మీరు ఏమీ మర్చిపోలేదు మామ్మా," అన్నాను, తెలుగు మాటతోనే పిలిచి.

ఆవిడ అంతా విన్నది. తర్వాత నా చెంప మీద చెయ్యి పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు.

"ఎంత మంచిదానివి, అమ్మాయ్. పోతూ పోతూ ఈ ముసలిదాని బరువు తీసుకుపోదామని వచ్చావు."

"కాదు, నిజంగా నేనే. ఒట్టేసి చెబుతున్నాను."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మేం ఒట్లు వేయం. వేస్తే వినం," అంది మెల్లగా. "నామీద ప్రేమతో అయినా సరే, అబద్ధం ఆడకు."

నేను మళ్ళీ చెప్పాను. ఏ చేత్తో తీశానో, గిన్నె ఎక్కడ పెట్టానో అన్నీ చెప్పాను. చిన్నపిల్ల మాట విన్నట్టు తల ఊపింది. ఆరు నెలల క్రితం ఇవే మాటలు ఆవిడకి సరిపోయేవి. అప్పటికి తన వేళ్ళు చెప్పినదాన్ని ఆవిడ ఇంకా నమ్ముతూనే ఉంది.

కాసేపటికి నా భుజం తట్టి, "లోపల పొయ్యి మూత పెట్టానో లేదో ఒకసారి చూసి రా," అంది. వెళ్ళి చూశాను. పెట్టి ఉంది. బయటికి వచ్చి, పెట్టారు అని చెప్పాను.

"నన్ను సంతోషపెట్టడానికి అనడం లేదు కదా?" అని అడిగింది.