ముడికుట్టు పూలు

టైలరు మాస్టారి కత్తెర గీసిన గీత దాటేది కాదు. కానీ ఆయన కుట్టే గౌన్ల మీద ఆవగింజల్లా మెరిసే ముడికుట్టు పూలు భార్య చేతివి. తెర వెనక గదిలో ఆమె కుట్టేది. బయట మెప్పు ఆయన అందుకునేవాడు.

ఒకరోజు ఆస్పత్రి నర్సు వచ్చి, "మా పాప గౌనుకి నేనే కుడతాను, ఒక్క ముడి చూపించండి మాస్టారూ" అంది. ఆయన సూదికి దారం చుట్టి, అది పైకొచ్చిన చిల్లులోనే దించి లాగాడు. ముడి కాస్తా గుడ్డలోంచి కిందికి జారిపోయింది. మళ్లీ చుట్టాడు. మళ్లీ జారింది.

తెర తొలగించుకుని భార్య వచ్చింది. "కళ్లజోడు లేకపోతే ఆయనకి ఆనదండీ" అంది. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

తనకోసం ఆమె ఆడిన ఆ అబద్ధానికి మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "కళ్లకేం కాలేదమ్మా. ఆ పూలన్నీ ఈవిడవే. నాకు రాదు" అన్నాడు తలెత్తకుండా.

భార్య స్టూలు లాక్కుని ఇద్దరికీ చూపించింది. "దారం బిగించి పట్టుకోవాలి. సూది అదే చిల్లులో కాదు, ఒక్క పోగు పక్కన దించాలి."

నర్సుకి వెంటనే వచ్చింది. ఆయనకి సాయంత్రానికి గానీ ముడి నిలవలేదు. నిలిచాక కూడా, అది చూపించడానికి భార్య మొహంలోకి చూడలేకపోయాడు.