షార్షెన్ అన్న పోసే సగం

మా షార్షెన్ అన్న ఎవరికీ ఏదీ నిండా పోయడు. టీ గిన్నెలో సగమే పోయడం మా కిర్గిజుల మర్యాద. నిండా పోశామంటే ఇక లేచి వెళ్లమని అర్థం. కానీ ఆయన గుర్రానికి కూడా సగం బకెట్టు నీళ్లే పెట్టేవాడు. గుర్రాన్నీ గౌరవించాలట.

ఈ మర్యాద చివరికి నా ఈ-సిగరెట్‌కూ పట్టింది. ఆ ఏడాది వేసవి మేతకు గొర్రెలతో కొండెక్కేముందు సిగరెట్లు మానేసి ఈ-సిగరెట్ పట్టాను. మానేశానని ఊరంతా చాటింపు వేశాను. నిజానికి సిగరెట్టయితే గంటకొకటి కాల్చేవాణ్ణి, ఇది నోట్లోంచి దిగితే ఒట్టు. పొద్దున కళ్లు తెరవకముందే చెయ్యి దానికోసం తడుముకునేది.

గుర్రాల మీద మేక కళేబరం కోసం కలబడే కోక్‌బోరు ఆటంటే నాకు ప్రాణం. జట్టు నాయకుడు కబిల్, "గుర్రం కంటే నువ్వే ఎక్కువ రొప్పుతున్నావు" అని నన్ను పక్కన కూర్చోబెట్టాడు. ఆగస్టు పోటీ ఒక్కటే నాకు మిగిలిన అవకాశం.

"అన్నా, ఎలాగైనా దీన్ని వదిలించు" అని షార్షెన్ అన్న కాళ్లావేళ్లా పడ్డాను.

"దాంట్లో పోసే నికోటిన్ ద్రవం సీసాలన్నీ నాకిచ్చెయ్. నేనే పోస్తాను, నువ్వు ముట్టుకోకు."

ఆయనా ఆ బాపతే. తన ఈ-సిగరెట్ మెడలో తాడుకు కట్టుకుని తిరిగేవాడు. రోజూ పొద్దున నాది గుడారం వెనక్కి పట్టుకెళ్లి, సగం నింపి తెచ్చేవాడు.

"ఇంకాస్త పోయ్ అన్నా."

"నువ్వంటే గౌరవంరా."

"ఈ ఒక్కసారికి మర్యాద లేకుండా పోయ్."

"మా ఇంటావంటా లేదు."

జులై నాటికి నాకు అనుమానమొచ్చింది. ఆయనది పీల్చిన కొద్దీ ఆయన ముఖం వెలిగిపోతోంది. నాదేమో ఉత్త పుచ్చకాయ వాసన. నా వాటా కాజేస్తున్నాడని, పిసినారి అని నలుగురికీ చెప్పాను. ఆయన విని నవ్వి ఊరుకున్నాడు.

పోటీ రోజు పొద్దున వాగు దాటుతుంటే నా ఈ-సిగరెట్ నీళ్లలో కొట్టుకుపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా, నీది ఒక్కసారి ఇవ్వు. లేకపోతే గుర్రమెక్కలేను."

"ఇవ్వను. ఎక్కు."

"చేతులు వణుకుతున్నాయి."

"అది భయంరా. నికోటిన్ లేని సీసాలు కొనుక్కొచ్చి వారం వారం ఇంకాస్త ఎక్కువ కలుపుతూ వచ్చాను. నెల రోజులుగా నువ్వు పీలుస్తోంది ఉత్త వాసనే."

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆ కోపంతోనే గుర్రమెక్కాను. మూడుసార్లు కళేబరాన్ని గెలుపు గుంటలో పడేశాను. గుర్రం రొప్పింది, నేను రొప్పలేదు. కబిల్ నా భుజం చరిచి, "ఇక నువ్వు జట్టు వదిలి ఎక్కడికీ పోకు" అన్నాడు.

ఆనందం పట్టలేక షార్షెన్ అన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన జనం వెనక నిలబడి గుప్పుగుప్పుమని పీలుస్తున్నాడు.

"మరి నువ్వెందుకు మానలేదన్నా?"

"నీ సీసాల్లో అసలు సరుకంతా మిగిలిపోయింది. పారబోయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఇది నన్ను వదలనంటోంది."

ఆయన మెడలో తాడు మెల్లగా తీసి నా మెడలో వేసుకున్నాను. "రేపట్నుంచి నేను పోస్తాను."

"సరే. కానీ నిన్ను తిడతానురా. నలుగురికీ చెబుతాను."

"చెప్పు అన్నా."

మర్నాడు పొద్దున పదింటికల్లా నేను దొంగనని కొండ మీది గుడారాలన్నిటికీ తెలిసిపోయింది.