బాంజోకి ఎదురుగా కూర్చున్న శనివారాలు

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, హెర్న్‌డన్ అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అప్పటికి అక్కడ ఆఫీసు భవనాలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్ వెనక కంచె అవతల ఇంకా ఆవులు మేసేవి. మావారు కంప్యూటర్ ప్రోగ్రామర్. నేను విజయవాడలో సంగీతం డిప్లొమా చేసి, పెళ్లయి వచ్చి, ఫిడేలు పెట్టెను మంచం కిందికి తోసి, ఊరి లైబ్రరీలో పార్ట్‌టైమ్ గుమాస్తాగా చేరాను. శనివారాలు నా డ్యూటీ. పుస్తకాలు అరల్లో సర్దాలి. మీటింగ్ రూమ్ బుక్ చేసుకున్నవాళ్లకు తలుపు తీసి, వాళ్లు వెళ్లాక తాళం వేయాలి.

ఒక శనివారం ఆ గదికి నలుగురు పెద్దవాళ్లు వచ్చారు. అందరి చేతుల్లోనూ వాయిద్యాల పెట్టెలు. మాండలిన్ పట్టుకున్నాయన పొడుగ్గా, ఒక భుజం కిందికి జారి ఉండేవాడు. ఆ భుజం మీదే ముప్పై ఏళ్లు ఉత్తరాల సంచీ మోశాడట. గిటార్ ఆయనకు మెయిన్ రోడ్డు మీద హెయిర్ కటింగ్ షాపు ఉండేది. మూడో మనిషి ఆడమనిషి, స్కూల్లో వంట చేసి రిటైరైన ఆవిడ. నాలుగో ఆయన పొట్టిగా, బిర్రుగా, ఎవరికీ తలొంచని వాలకంతో ఉన్నాడు. పొలాల్లో బోర్లు వేసే పని ఆయనది. చేతిలో బాంజో.

వంటావిడ పెట్టె తెరవగానే నేను నోరు జారాను. "మీది ఫిడేలా? నేనూ ఫిడేలు నేర్చుకున్నాను."

నలుగురూ నావైపు చూశారు. మాండలిన్ ఆయన నెమ్మదిగా నవ్వాడు. "ఈ మధ్య ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లందరూ దాన్ని వయొలిన్ అంటున్నారు మేడమ్. మీరు ఎక్కడో ఇండియా నుంచి వచ్చి ఫిడిల్ అన్నారు. కూర్చోండి."

లైబ్రరీలో ఆ వేళకు పని తక్కువ. తలుపు దగ్గర ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

వాళ్లది బ్లూగ్రాస్ సంగీతం. ఆ చుట్టుపక్కల కొండల్లో పుట్టి పెరిగిన పాట. కరెంటుతో పనిలేని తీగ వాయిద్యాలు మాత్రమే ఉంటాయి. డ్రమ్ము ఉండదు. నడక తప్పితే సర్దడానికి వేరే ఎవరూ లేరు. వాయించేవాళ్లే ఒకరినొకరు వింటూ పట్టుకోవాలి. ఈ నలుగురూ వయసులో ఉన్నప్పుడు వేరువేరు బృందాల్లో వాయించారు. ఒకే సంతల్లో, ఒకే వేదికల మీద ఒకరితో ఒకరు పోటీ పడ్డారు. కలిసి ఒక్క రికార్డు కూడా చేయలేదు. ఇప్పుడు చేద్దామన్నది మాండలిన్ ఆయన ఆలోచన. పన్నెండు పాటలు, ఒక ఎల్పీ.

మొదటి రెండు వారాలూ నాకు అంతా అద్భుతంగానే ఉంది. మూడో వారం అసలు సంగతి వినిపించింది. బాంజో పరుగెడుతోంది. మొదలు బాగానే ఉంటుంది. మిగతా మూడు వాయిద్యాలూ తోడు చేరేసరికి బాంజో వాటిని వదిలేసి ముందుకు వెళ్లిపోతుంది. ఆ రోజు ఒకే పాట ఆరుసార్లు మొదలుపెట్టి ఆరుసార్లూ ఆపేశారు. బాంజో ఆయన లేచి, "మీరంతా నిద్రపోతున్నారు," అని బాంజో పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను తాళంచెవి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. లోపల గిటార్ ఆయన మాట వినిపించింది. "వాడికి చెవులు పోయాయి. ముప్పై ఏళ్లు ఆ బోరు మిషన్ పక్కన నిలబడ్డాడు. నా షాపులో నేను వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. ఇంకో బాంజో మనిషిని చూద్దాం."

మాండలిన్ ఆయన తన పెట్టె మూసి గొళ్లెం పెట్టాడు. తర్వాత, "ఈ రికార్డు మొదలుపెట్టిందే అతనితో వాయించాలని. అతను లేకపోతే నేనూ ఉండను," అన్నాడు.

ఆ వారమంతా నాకు ఆ మాటే చెవుల్లో మోగుతూ ఉంది.

తర్వాతి శనివారం బాంజో ఆయన వస్తాడో రాడో అనుకున్నాం. అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. నేను కూడా ఈసారి తలుపు దగ్గర కాకుండా లోపల, ఆయనకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. కావాలని కాదు, ఆ ఒక్కటే ఖాళీగా ఉంది. పాట మొదలైంది. పదేళ్లు గురువుగారి ముందు కూర్చున్న అలవాటు కదా, నా కుడిచెయ్యి తనంతట తనే తొడమీద ఆదితాళం వేయడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. వాళ్ల పాటలో ఒక్కో భాగానికి సరిగ్గా రెండు ఆవర్తనాలు సరిపోతున్నాయని నేను లోలోపల సంబరపడుతున్నాను.

పాట ఆగకుండా చివరిదాకా వెళ్లింది. ఎవరూ ఎవరినీ వదల్లేదు. అయిపోయాక చూస్తే నలుగురి కళ్లూ నా చేతి మీదే ఉన్నాయి. నాకు తప్పు చేసినట్టనిపించి చెయ్యి చీర కొంగులో దాచుకున్నాను.

"మేడమ్," అన్నాడు బాంజో ఆయన. ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. "ఆ చెయ్యి ఆపకండి."

మాండలిన్ ఆయన తల వంచుకుని తీగలు శ్రుతి చేసుకుంటున్నాడు. అవి అప్పటికే శ్రుతిలో ఉన్నాయి.

అప్పటినుంచి నా కుర్చీ అక్కడే. మూడు లెక్కల వాల్ట్జ్ పాటలకు రూపకం వేసేదాన్ని, మిగతావాటికి ఆది. బాంజో ఆయన నా వేళ్లను రెండు వారాల్లో పట్టేశాడు. చిటికెన వేలు దగ్గర ఉన్నామంటే పాటలో ఎక్కడున్నామో ఆయనకు తెలిసిపోయేది. ఎప్పుడైనా నేను ఆలస్యంగా వస్తే మొదలుపెట్టకుండా కూర్చునేవాడు.

రికార్డింగ్ ఊరికి పడమటగా ఒక పాత పాల షెడ్డులో జరిగింది. డెయిరీ మూతపడ్డాక దాన్ని ఒకాయన చిన్న స్టూడియోగా మార్చుకున్నాడు. లైబ్రరీలో శనివారాలు సెలవు అడిగాను. ఇంట్లో చెప్పడమే కష్టమైంది.

"రికార్డింగ్‌లో నువ్వు ఏం వాయిస్తావు?" అన్నారు మావారు.

"ఏమీ వాయించనండీ. తాళం వేస్తాను."

"లైబ్రరీలో వేసేది చాలక అక్కడ కూడానా?" అని ఆయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. కానీ ప్రతి శనివారం డ్రైవ్ చేసి తీసుకెళ్లింది ఆయనే. మొదటి రోజు కార్లో కూర్చుని ఆఫీస్ కాగితాలు చూసుకున్నారు. రెండో రోజు నుంచి లోపలికే వచ్చి, గోడకు చేరగిలబడి వినేవారు.

స్టూడియో ఆయనకు నా వల్ల చిక్కు వచ్చింది. మైకు అందరికీ కలిపి ఒక్కటే. నా చేతి దెబ్బ అందులో పడుతోంది. ఒళ్లో తువ్వాలు మడత పెట్టుకోమన్నాడు. అయినా ఏదో చిన్న చప్పుడు. చివరికి అది గాజుల చప్పుడని, తీసేయమని అన్నాడు. గాజులు తీయడానికి నాకు మనసొప్పలేదు. మా అమ్మ అన్ని వేల మైళ్ల అవతల ఉన్నా ఎదురుగా నిలబడి చూస్తున్నట్టనిపించింది. వంటావిడ తన మెడలోని స్కార్ఫ్ విప్పి, నా గాజుల మీద గట్టిగా చుట్టి ముడి వేసింది. "ఇప్పుడు మీ అమ్మకూ ఫరవాలేదు, మైకుకూ ఫరవాలేదు," అంది.

ఒక్కసారి మాత్రం నా వల్ల పాట చెడిపోయింది. చనిపోయిన తోబుట్టువును తలుచుకునే నెమ్మదైన పాట అది. గిటార్ ఆయన పాడుతుంటే, మాండలిన్ ఆయన కింది గొంతుతో తోడు కలిపాడు. వింటూ వింటూ నేను చెయ్యి సంగతి మరిచిపోయాను. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బాంజో కూడా అక్కడే ఆగిపోయింది. అందరూ ఆపేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"సారీ" అన్నాను.

"నా చెవులు కాసేపు పాట వినడానికి వెళ్లాయి," అన్నాడు బాంజో ఆయన మిగతావాళ్లతో. "పాపం, వాటికీ సరదా ఉంటుంది కదా. మళ్లీ మొదలుపెడదాం."

తన చెవుల గురించి ఆయన అందరి ముందూ అన్న మొదటి మాట అది. గిటార్ ఆయన లేచి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చాడు.

నాలుగు శనివారాల్లో పన్నెండు పాటలూ అయిపోయాయి. తర్వాత రికార్డు అట్ట మీద ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. నలుగురి పేర్లు, వాటి పక్కన వాయిద్యాలు. ఐదో పేరుగా నాది కూడా రాయాలన్నాడు బాంజో ఆయన.

మాండలిన్ ఆయన నన్ను బయటికి పిలిచాడు. "మీ పేరు ఉండాలనే నాకూ ఉంది మేడమ్. కానీ ఈ మనిషి ఎవరు, ఏం చేసిందని జనం అడుగుతారు. అప్పుడు అతని సంగతి ఈ కౌంటీ అంతా తెలుస్తుంది."

"నా పేరు వద్దండీ. నేను చెప్తాను ఆయనకు," అన్నాను.

లోపలికి వెళ్లి చెప్పాను. బాంజో ఆయన నా పెదవుల వైపే చూస్తూ విన్నాడు. తర్వాత నా భుజం మీదుగా మాండలిన్ ఆయన వైపు చూశాడు.

"ఇది నువ్వు చెప్పించావు కదా," అన్నాడు. "నువ్వు మంచివాడివే. కానీ ఆమె లేకుండా నేను వాయించానని అట్ట మీద రాస్తే అది అబద్ధం. నా డెబ్బై ఏళ్ల వయసులో మొదటి అబద్ధం రికార్డు మీద అచ్చు వేయించను."

అలా నా పేరు ఎక్కింది. పక్కన ఏం రాయాలో ఎవరికీ తోచక, ఆయన చెప్పినట్టే "చెయ్యి" అన్న మాటను ఇంగ్లీషులో వేశారు. నా ఇంటిపేరులో రెండు అక్షరాలు తప్పు పడ్డాయి. నేను ఎవరికీ చెప్పలేదు.

రికార్డు వచ్చిన వసంతంలో అగ్నిమాపక కేంద్రం హాల్లో కచేరీ పెట్టారు. మడత కుర్చీలు, ఎర్ర ఇంజన్లు బయట ఎండలో, పొలాల నుంచి వచ్చిన కుటుంబాలు. నేను మొదటి వరసలో, బాంజోకి ఎదురుగా. ఆరో పాట మధ్యలో ఆయన కళ్లు మూసుకున్నాడు. నా చెయ్యి ఆయనకు ఇక కనిపించదు. నాలుగు ఆవర్తనాలు గడిచాయి. ఐదో దాంట్లో బాంజో కదిలింది, ముందుకు వెళ్లడం మొదలుపెట్టింది.

మాండలిన్ ఆయన బాంజో వైపు ఒక్కసారి చూసి, తనూ ఆ వేగానికి వెళ్లిపోయాడు. ఆ వెనకే గిటార్, ఫిడేలు. ముగ్గురూ ఆయన్ని పట్టుకుని పరుగెత్తారు. నేను అంత వేగంగా ఆ పాటను అంతకుముందు వినలేదు. నా చెయ్యి ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. పాట అయ్యేసరికి హాలంతా లేచి నిలబడింది.

తర్వాత ఆయన చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఎలా వచ్చింది మేడమ్? నిజం చెప్పండి."

పెదవులు కనిపించేలా తల ఎత్తి చెప్పాను. "కొంచెం పరుగెత్తారు."

"వాళ్లో?"

"మీతోనే వచ్చారు."

ఆయన వెనక్కి తిరిగి, వేదిక మీద మాండలిన్‌ను పెట్టెలో పెడుతున్న పొడుగాటి మనిషిని కాసేపు చూశాడు. తర్వాత వెళ్లి, ఆ పెట్టె మూసి, తనే మోసుకుంటూ ఆయన కారు దాకా నడిచాడు.