సాంచాలు ఆగిన పూట

నా చిన్నప్పుడు నేను చాలా అబద్ధాలు ఆడాను గానీ, మందిరంలో నిలబడి, దేవుడి పేరు మీద ఆడింది మాత్రం ఒక్కటే. అప్పుడు నాకు పదేళ్ళు. సిరిసిల్లలో సాంచాల కార్ఖానాలున్న ఒక వాడలో ఉండేవాళ్ళం. సాంచాలంటే కరెంటుతో నడిచే మరమగ్గాలు. ఆ వాడ మొత్తానికి యేసును నమ్మిన ఇల్లు మాదొక్కటే. ఆదివారం ఆదివారం సండే స్కూల్లో టీచరమ్మ పిల్లలందరినీ వరుసగా లేపి, ఈ వారం సువార్త ఎవరికి చెప్పారని అడిగేది. చెప్పినవాళ్ళకు చప్పట్లు. చెప్పనివాళ్ళు తల దించుకుని కూర్చోవాలి.

నేను వారాల తరబడి తల దించుకున్నాను. నాకు వాక్యం రాక కాదు, కంఠతా పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు. సిగ్గు, అంతే. బళ్ళో ఇద్దరు ఆడపిల్లలు నన్ను చూడగానే "హల్లెలూయ వచ్చింది" అని కిసకిసలాడేవారు. వాళ్ళకు భయపడి నేను ప్రార్థన చేసుకోకుండానే మధ్యాహ్నం డబ్బా విప్పేదాన్ని. అలాంటిదాన్ని ఒకరి దగ్గరికి పోయి సువార్త చెప్పడమా? ఒక ఆదివారం ఇక తల దించుకోవడం చేతగాక, "మా పక్కింటి అక్కకు చెప్పిన" అనేశాను. చప్పట్లు మోగాయి. వెనక చాప మీద కూర్చున్న మా తాతయ్య ఒకసారి తలెత్తి నా వైపు చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఇంటికి వచ్చాక ఒక్క మాట అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా నాకు అన్నం సహించేది.

ఆ పక్కింటి అక్కకు నాలుగేళ్ళ కొడుకున్నాడు. ఒక్కడే కొడుకు. నేను పుస్తకాలు ముందేసుకుంటే చాలు, వచ్చి ఒళ్ళో కూర్చునేవాడు. ఆ నెలలోనే అక్క కొడుకును తీసుకుని కోరుట్లలో తల్లిగారింటికి పోయింది. అక్కడ పిల్లవాడికి జ్వరం తగిలి, తలకెక్కి, ఒంటి మీద తెలివి పోయింది. జగిత్యాల ఆస్పత్రిలో వేశారు. అక్క భర్తను నేను బావా అనేదాన్ని. ఆయన మా వాడ చివర కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. కబురందగానే ఉరికి, మూడు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చుని, చేసేదేమీ లేక తిరిగి వచ్చాడు. ఇంకో రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారట డాక్టర్లు. వచ్చినవాడు నేరుగా పోయి సాంచాల మధ్య నిలబడ్డాడు. ఆ చప్పుడులో ఎవరూ ఏమీ అడగలేరు కదా, అందుకే పోయాడని మా నానమ్మ అనేది.

రెండు రోజులు గడిచాయి. కబురు లేదు. ఫోను అన్నది మా వాడలో ఎవరికీ లేని కాలం. మా తాతయ్య అప్పటికే పని మానేసి ఇంటి పట్టున ఉంటున్నాడు, మోకాళ్ళు పట్టేసేవి. అయినా శుక్రవారం తెల్లవారుజామున లేచి, "నువ్వు సాంచాలు చూస్కో బిడ్డా, నేను పోయి చూసొస్త" అని బావకు చెప్పి బస్సెక్కాడు. రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల, అక్కడ దిగి ఇంకో బస్సులో జగిత్యాల. ఆ రాత్రి అక్కడే ఉన్నాడు.

మరునాడు శనివారం, ఒంటిపూట బడి. ఇంటికి రాగానే నానమ్మ నన్ను బస్టాండుకు తరిమింది. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడో బస్సులోంచి తాతయ్య దిగాడు. దిగి, అక్కడే సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. ముఖమంతా నవ్వు, కళ్ళ నిండా నీళ్ళు. ఏమనుకోవాలో తెలియక నేను బిక్కచచ్చి నిలబడ్డాను.

"పిలగాడు కండ్లు తెరిచిండు బిడ్డా. జ్వరం దిగింది. పొద్దుగాల అమ్మా అని పిలిచిండు, గంజి అడిగి తాగిండు. ఇగ భయం లేదన్నడు డాక్టరు. ఉరుకు. మీ బావకు చెప్పుపో."

"నువ్వే చెప్పు తాతా" అన్నాను. అంత పెద్ద మాట నా నోటితో చెప్పాలంటే భయమేసింది.

"నేను కుంటుకుంట ఎప్పుడు చేరాలె? గప్పటిదాంక ఆ మనిషిని సావనిస్తవా?" అన్నాడు.

ఇక ఉరికాను. ఎలా ఉరికానో నాకే తెలియదు. ఒక చెప్పు మార్కెట్ దగ్గర తెగితే రెండోది కూడా అక్కడే వదిలేశాను. నూలు మూటలు కట్టుకుని పోతున్న సైకిలాయన నన్ను తప్పించబోయి గోడకు గుద్దుకుని తిట్టాడు. ఆయనకూ చెప్పాను, పిలగాడు బతికిండని. మా వాడ మలుపులో, నన్ను హల్లెలూయ అని వెక్కిరించే ఆ ఇద్దరూ గచ్చకాయలు ఆడుతున్నారు. వాళ్ళకూ అరిచి చెప్పాను. "ఎవ్వలే?" అని అడిగింది ఒకతి. ఆగి జవాబు చెప్పే తీరిక నాకెక్కడిది?

కార్ఖానా గుమ్మంలోకి వచ్చి పడ్డాను. లోపల ఇరవైకి పైగా సాంచాలు ఒక్కసారే ఆడుతున్నాయి. ఆ చప్పుడు తెలిసినవాళ్ళకే తెలుసు. పక్కన నిలబడి చెవిలో అరిచినా వినబడదు, అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. బావ అవతలి గోడ దగ్గర అటు తిరిగి, తెగిన పోగు ముడివేస్తున్నాడు. బావా, బావా అని గొంతు చించుకున్నాను. నా గొంతు నాకే వినబడలేదు. లోపలికి పోదామంటే సాంచాల మధ్యకు పిల్లలు రాకూడదు. దగ్గరలో ఉన్న ముసలాయన నన్ను చూసి, బయటికి పొమ్మని చెయ్యి ఊపాడు.

గుమ్మం పక్కనే గోడకు మెయిన్, అంటే సాంచాల కరెంటు ఆపే పెద్ద స్విచ్చి, ఉంది. కింద నూలు పెట్టె ఉంది. పెట్టె ఎక్కి, రెండు చేతులతో మెయిన్ పట్టుకుని కిందికి లాగేశాను.

ఇక్కడ మా వాడ పద్ధతి ఒకటి చెప్పాలి. పట్టపగలు సాంచాలు ఆగాయంటే కరెంటు పోయినట్టు. అందుకే చప్పుడు ఆగగానే ఎవరైనా ముందు తల ఎత్తి బల్బు చూస్తారు. ఆ బల్బు తీగ వేరే, మెయిన్ ఆపినా అది వెలుగుతూనే ఉంటుంది. బల్బు వెలుగుతుండగా సాంచాలు ఆగాయంటే, ఆ కార్ఖానాలో పనిచేసే ఎవరి ఇంట్లోనో మనిషి పోయాడని అర్థం. చావు కబురు తెచ్చినవాడు అలాగే మెయిన్ ఆపి చెప్పేవాడు. ఇంక దేనికీ ఆపేవారు కాదు. ఆ వాడలోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు ఆ సంగతి తెలియక కాదు. ఆ క్షణాన తట్టలేదు.

బావ తల ఎత్తాడు. బల్బు చూశాడు. వెలుగుతోంది. ఇటు తిరిగి మెయిన్ పట్టుకుని ఉన్న నన్ను చూశాడు. ఆ మనిషి ముఖం నేను ఎన్నటికీ మరిచిపోను. సాంచాను పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ముసలాయన తలకు చుట్టుకున్న తువ్వాల తీసేశాడు. ఎవరో "అయ్యో కొడుకా" అన్నారు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. ఉరికి ఉరికి ఊపిరి అందలేదు, దానికి తోడు నేనేం చేశానో అప్పుడే తెలిసింది. ఆ కార్ఖానాలో పిల్లవాడు బతికి ఉన్నాడని తెలిసింది నాకొక్కదానికే. తెలిసిన నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. తెలియని ఆ తండ్రి నా కళ్ళ ముందు కూలిపోతున్నాడు. ఎంతసేపో చెప్పలేను. నాలుగు సార్లు ఊపిరి తీసేంత కాలం ఉంటుందేమో.

పెట్టె మీది నుంచి కిందికి దూకాను, అప్పుడొచ్చింది మాట. "బతికిండు బావా! బతికిండు! అమ్మా అన్నడట, గంజి తాగిండట!"

బావ నమ్మలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. "ఎవ్వలు చెప్పిండ్రే?" అన్నాడు. తాత చూసొచ్చిండు, కండ్లార చూసిండు అని చెప్పాను. అంత పెద్ద మగమనిషి నా గౌను అంచులో ముఖం పెట్టుకుని బావురుమన్నాడు. ఇంతలో ఆసామి, అంటే కార్ఖానా యజమాని, "ఎవడ్రా మెయిన్ బంద్ చేసింది?" అని అరుచుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాడు. మెయిన్ వైపు పోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, నూలు పెట్టె మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. "ఉండనియ్యుండ్రి కాసేపు" అన్నాడు.

సాంచాలు ఆగడం చూసి పక్క కార్ఖానాలూ ఒక్కొక్కటే ఆగాయి. తువ్వాలలు చేతిలో పట్టుకుని మగవాళ్ళు, కొంగు నోటికడ్డం పెట్టుకుని సాంచాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు, అందరూ పరామర్శకు వచ్చారు. కొందరు దారిలోనే ఏడుపు మొదలుపెట్టారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళు గుమ్మంలో సంగతి విని, వెనక్కి తిరిగి, వచ్చేవాళ్ళకు ఎదురు ఉరికి చెప్పారు. వాడంతా ఒకటే కేకలు, ఒకటే నవ్వులు. ఒక ముసలవ్వ బెల్లం ముద్ద తెచ్చి అందరి నోట్లో తలా ఒక ముక్క పెట్టింది. బావ నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాడ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. చావు కబురుకు ఆగే సాంచాలు బతుకు కబురుకు ఆగాయి. ఆపింది నేను! ఆ గర్వం ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పొంగుతుంది.

అప్పుడు చేరాడు మా తాతయ్య, కుంటుకుంటూ. నలుగురైదుగురు ఆయనకు ఎదురు పోయి, "నీకు తెల్వదా పెద్దయ్యా, పిలగాడు బతికిండు!" అని ఆయన తెచ్చిన కబురే ఆయనకు చెప్పారు. ఆయన ఒక్కొక్కరి ముందూ ఆగి, "అట్లనా! ఎంత మంచి మాట చెప్పినవ్" అంటూ అప్పుడే విన్నట్టు విన్నాడు. బస్టాండు ముందు రిక్షాలు వరుసగా నిలబడి ఉంటాయని, ఒకటి ఎక్కితే ఆయన నాకంటే ముందే చేరేవాడని నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. అంత దూరం నుంచి గుండెల్లో పెట్టుకుని తెచ్చుకున్న సంతోషాన్ని చెప్పుకునే భాగ్యం ఆయనది. అది నాకిచ్చేశాడు.

సాయంత్రం వాకిట్లో ఆయన మోకాళ్ళకు నూనె రాస్తుంటే అడిగాడు. "ఇయ్యాల సిగ్గయిందా బిడ్డా?"

లేదన్నాను. ఆ వెక్కిరించే పిల్లలకు కూడా చెప్పానన్నాను. చెప్పి, ఎందుకో తెలియదు, మొన్నొక ఆదివారం మందిరంలో అబద్ధమాడానని కూడా చెప్పి ఏడ్చాను. ఆయన నా తల నిమిరాడు. యేసు సమాధి దగ్గరికి తెల్లవారుజామున పోయిన ఆడవాళ్ళ సంగతి ఎత్తుకున్నాడు. నాకు కంఠతా వచ్చిన కథే. కానీ ఆ రోజు వింటుంటే వాళ్ళ ముఖాలు మా కండెల ఆడవాళ్ళ ముఖాల్లాగే కనిపించాయి.

"వాళ్లు ఏడ్వబోయిండ్రు బిడ్డా. ఆడ బతికిండని ఇన్నరు, ఉరికిండ్రు. సప్పట్లు కొడ్తరని ఉరికిండ్రా? ఊకుండ బుద్ధి కాలె, గంతే. నీకు ఆ ముచ్చట పాఠం లెక్క ఉన్నన్ని దినాలు సిగ్గే అయితది. కబురు లెక్క అందిననాడు నిన్ను ఎవ్వలూ ఆపలేరు."

మరునాడు మందిరంలో టీచరమ్మ అడగకముందే లేచి, నేను అబద్ధమాడానని చెప్పాను. ఆ రోజు చప్పట్లు లేవు. నాకు కావాలనీ అనిపించలేదు.

ఇంకో వారానికి అక్క పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చింది. చిక్కి సగమైనా వాడు నన్ను చూడగానే చేతులు చాచాడు. ఆ మధ్యాహ్నం అక్క కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని, నిజంగా మొదటిసారి, యేసు సంగతి చెప్పాను. వాక్యాలు అప్పజెప్పలేదు. మా ఇంట్లో వాళ్ళ గురించి మాట్లాడుకున్నట్టు చెప్పాను. ఆయన్ని సిలువ వేసిన దగ్గరికి వచ్చేసరికి అక్క చక్రం తిప్పడం ఆపేసింది. "అప్పుడు వాళ్లమ్మ ఆడనే ఉన్నదా?" అని అడిగింది. ఉన్నదన్నాను. అక్క కళ్ళు తుడుచుకుని "ఇంక చెప్పు" అంది. మూడో రోజు సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్విన నవ్వు చూడాలి! అక్క ఇంట్లో దేవుళ్ళ పటాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను వాటి గురించి ఒక్క మాట అనలేదు, తాతయ్య కూడా అననిచ్చేవాడు కాదు. చెప్పడం మన వంతు, మిగతాది వాళ్ళకూ దేవుడికీ మధ్య సంగతి అనేవాడు. కానీ ఎప్పుడు మనసు బాగా లేకపోయినా అక్క గోడ మీదుగా నన్ను పిలిచి, "ఆ ముచ్చట ఇంకోసారి చెప్పవే" అని అడిగేది.

పెళ్ళై కోరుట్లకు వచ్చాను. అరవై దాటాయి, ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాను. వినేవాళ్ళు వింటారు, వద్దన్నవాళ్ళకు దండం పెట్టి వస్తాను. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిరుగుడు అని పిల్లలు కోప్పడతారు. వాళ్ళకేం చెప్పను? చెప్పవలసిన మంచి మాట నా దగ్గరుండగా నేను నోరు తెరవక నిలబడితే ఎదుటి మనిషి ఎలా కూలిపోతాడో నేను పదేళ్ళప్పుడే చూశాను. చెప్పిన తర్వాత ఎలా లేస్తాడో కూడా చూశాను. చూసినదాన్ని, ఎట్లా ఊరుకోను?