పానాకిచ్చిన మూడు గళ్ళ కాగితం

పటాలంలో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను ‘పానా’. ఇరవయ్యో ఏట సైన్యంలో చేరి, పదిహేనేళ్ళు లారీల కింద వెల్లకిలా పడుకునే ఉద్యోగం చేశాడు. తుపాకీ పట్టింది తక్కువ, పానా పట్టింది ఎక్కువ. ఏ బండి ఎందుకు మొరాయిస్తోందో చప్పుడు విని చెప్పేసేవాడు. అంతటివాడూ ఒకరోజు తొందరలో, చక్రం విప్పిన లారీకి దన్ను పెట్టకుండానే కిందికి దూరాడు. జాకీ జారింది. లారీ ఒరిగి అతని కుడి మోకాలిని నొక్కేసింది.

రెండు ఆపరేషన్లు చేసి, లోపల ఒక ఇనుప కడ్డీ వేశారు. మోకాలు సగం వంగి ఆగిపోతోంది. సైనిక ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక కాగితం చేతికిచ్చింది. అందులో మూడు గళ్ళున్నాయి. సామాన్ల గోదాములో కూర్చుని చేసే పని మొదటిది. శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకు బండ్ల మరమ్మతు నేర్పడం రెండోది. సైన్యం వదిలేసి ఇంటికి వెళ్ళిపోవడం మూడోది.

“ఆరు వారాలు సెలవు. ఆలోచించుకుని ఒక గడిలో టిక్కు పెట్టి తీసుకురా. మూడింట్లోనూ పెట్టకు. కిందటిసారి ఒకాయన పెట్టాడు,” అంది.

పానా కర్ర ఊతంతో ఇల్లు చేరాడు. మేడ మీద రెండు గదులు. కింద వీధివైపు అతని భార్య కుట్టు దుకాణం. రెండు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పదేళ్ళ కూతురుంది. ఇన్నేళ్ళుగా ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చిపోయే మనిషి ఇప్పుడు పగలంతా ఇంట్లోనే ఉండేసరికి, ఇంటికి కొత్త కష్టాలు మొదలయ్యాయి.

సోమవారం వచ్చాడు. బుధవారానికల్లా వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసలో నిలబడ్డాయి. ఉప్పు, పంచదార ఒకే ఎత్తు కావడంతో పక్కపక్కన చేరాయి. ఆ పూట టీలో ఉప్పు పడింది. గురువారం స్నానాలగది తలుపు మీద కాగితం అంటించాడు: భార్యకు ఆరు నుంచి ఆరూ ఎనిమిది, కూతురికి ఆరూ ఎనిమిది నుంచి ఆరూ పదహారు.

“అమ్మా, నాన్న సెలవు ఎప్పుడైపోతుంది?” అని కూతురు వంటింట్లో గుసగుసగా అడిగింది. తలుపు వెనకున్న పానా విన్నాడు. ముందు నవ్వుకున్నాడు. తరవాత వెళ్ళి స్నానాలగది తలుపు మీది కాగితం తనే పీకేశాడు.

జుట్టు కత్తిరించుకుందామని ఎదురుగా ఉన్న సెలూనుకు వెళ్ళాడు. క్షురకుడు కుర్చీ రెండుసార్లు దులిపి కూర్చోబెట్టాడు.

“తూటా ఇటునుంచి దూరిందా, అటునుంచా?”

“తూటా కాదు, జాకీ జారింది.”

కత్తెర ఆగిపోయింది. క్షురకుడు వెనకున్న ముగ్గురినీ ఓసారి చూసి, అతని చెవి దగ్గరికి వంగాడు. “అయ్యా, ఆ మాట ఇక్కడే వదిలెయ్యండి. మీకు తూటా తగిలిందని రెండు నెలల నుంచీ చెబుతున్నా. నా పరువు పోతుంది. మీరు ఉద్యోగం మానేసి వచ్చెయ్యండి, రోజూ ఇక్కడే కూర్చోండి. మీరేం మాట్లాడక్కర్లేదు, నేను చెబుతాగా!”

తరవాతి వంతు బావమరిదిది. ఒక పెద్ద బట్టల కొట్లో కాపలాదారుల మీద అజమాయిషీ అతని ఉద్యోగం. “బావా, యూనిఫారం ఇక్కడా ఉంది, పైగా ఏసీ. ఒక్కరోజు వచ్చి చూడు,” అని వెంట తీసుకెళ్ళి, సిబ్బంది వచ్చే వెనక గుమ్మం దగ్గర కుర్చీ వేశాడు. పానా కుర్చీ పక్కన పెట్టి నిలబడ్డాడు. పదకొండు గంటలకు మామూలు చొక్కాలో ఒక లావుపాటాయన వచ్చాడు. గుర్తింపు కార్డు లేదు. పానా కర్ర అడ్డం పెట్టాడు.

“నేను ఈ కొట్టు యజమానినయ్యా!”

“అలాగని రాసున్న కాగితం చూపించండి.”

ఆయన ఫోను ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. ఇరవై నిమిషాలు ఎండలో నిలబడ్డాడు. మధ్యాహ్నానికల్లా బావమరిది బావను ఆటో ఎక్కించి, “నీకు సైన్యమే మంచిది బావా. నాకూ మంచిది,” అన్నాడు.

అప్పుడే ఎందుకొచ్చారని అడిగే తీరిక భార్యకు లేదు. బడులు తెరవడానికి వారం ఉంది, అరవై జతలు బాకీ ఉన్నాయి, పెద్ద మిషను బెల్టు మాటిమాటికీ ఊడిపోతోంది. మెకానిక్కు శుక్రవారం దాకా రాలేనన్నాడు. పానాకు ప్రాణం లేచొచ్చింది. వంగబోయాడు. మోకాలు ససేమిరా అంది.

“నువ్వు కిందికి దూరు, నేను చెబుతా,” అన్నాడు.

ఆమె దూరింది. పానా మొదలుపెట్టాడు. “ఎడమ! ఎడమంటే తెలీదా! పట్టుకో! వదలకు! వదిలేశావా!”

నెత్తి మీద బూజుతో ఆమె బల్ల కింద నుంచి బయటికొచ్చింది. “ఏవండీ, ఇది మీ పటాలం కాదు. ఇంకోసారి అరిచారంటే ఈ స్క్రూడ్రైవరు మీ చేతిలో పెట్టి, వెళ్ళి పడుకుంటా.”

పానా గొంతు తగ్గించాడు. “సరే. చక్రం చేత్తో తిప్పి చూడు. ఎక్కడన్నా అడ్డుతోందా?”

“ఒకచోట అడ్డుతోంది.”

“అక్కడేముందో వేలితో తడుము.”

“స్క్రూ… బయటికి పొడుచుకొచ్చింది.”

“అయితే ఏం చేద్దాం?”

“బిగించనా?”

“నన్నెందుకడుగుతావ్? నీ చేతిలో పని, నువ్వే చెప్పు.”

ఆమె బిగించింది. మిషను గడగడా పరిగెత్తింది. ముక్కు మీద నూనె మరకతో ఆమె లేచి, లాటరీ తగిలినట్టు నవ్వింది. మర్నాడు, బాగానే నడుస్తున్న రెండో మిషనును ఊరికే చూద్దామని విప్పేసింది. దాన్ని మళ్ళీ బిగించడానికి ఇద్దరికీ మధ్యాహ్నమంతా పట్టింది. పానా ఒక్కసారీ గొంతు పెంచలేదు.

సాయంత్రం ఆమె గుండీలు కుడుతుంటే, అతను దారాలు ఎక్కించి ఇస్తూ మనసు విప్పాడు.

“గోదాములో కూర్చుంటే నా చేతులకు పిచ్చెక్కుతుంది. శిక్షణ కేంద్రంలో కుంటుకుంటూ నడిస్తే ఆ కుర్రాళ్ళు నవ్వుతారు. ఇంటికొస్తే మీకు అడ్డం.”

“అడ్డమే,” అంది ఆమె తలెత్తకుండా. “రోజుకో మూడు గంటలు అడ్డం. మిగతా సేపు మీరుంటే బాగానే ఉంటుంది.” దారం కొరికి, అప్పుడు చూసింది. “మా కోసమని రావద్దు. మా పేరు చెప్పి వెళ్ళొద్దు. బల్ల కింద నుంచి మీ మొహం చూశా నేను. చెబుతున్నంతసేపూ మీకు కాలన్నదే గుర్తులేదు.”

ఆ రాత్రి పానా రెండో గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టి చెరిపేశాడు. మూడో రోజు పెన్నుతో పెట్టాడు.

సెలవయ్యాక వెళ్తే, వైద్య మండలిలో ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన అడిగాడు, “ఎవరికైనా నేర్పిన అనుభవం ఉందా?”

“ఒకరికి నేర్పాను సార్. మా ఆవిడకి.”

“అరిచావా?”

“మొదట్లో ఒక్కసారి, సార్.”

“తరవాత నేర్చుకుందా?”

“ఇద్దరం నేర్చుకున్నాం సార్.”

పెద్దాయన ఇంకేమీ అడక్కుండా సంతకం చేసేశాడు.

శిక్షణ కేంద్రంలో మొదటి నెల తేలిగ్గా గడవలేదు. అతను భయపడ్డట్టే, షెడ్డు వెనక ఒకడు అతని నడకను అనుకరించి చూపిస్తూ దొరికాడు. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. పానా మొహం మాడిపోయింది. శిక్ష వేద్దామని నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, “కాలు అలా ఈడ్చవద్దు, తుంటి దగ్గర నుంచి విసరాలి,” అని నడిచి చూపించాడు. వాళ్ళు బిక్కమొహాలు వేశారు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

కూతురి పరీక్షలయ్యాక భార్య రెండు మిషన్లతో సహా అక్కడికి వచ్చి, కేంద్రం గేటు పక్కన దుకాణం తెరిచింది. సైన్యమిచ్చే యూనిఫారం ఎవరికీ సరిపోదు కాబట్టి ఆమెకు గిరాకీ బాగా ఉంది.

ఇప్పుడు పానాకు అక్కడ నాలుగో ఏడు. చలికాలంలో మోకాలు సలుపుతుంది. పదవీ విరమణ తరవాత ఏం చేస్తారని అడిగితే, “మా ఆవిడని అడగండి,” అంటాడు. ఆమెను అడిగితే, “ఆలోచిస్తున్నానండీ, తొందరేముంది?” అంటుంది.