దేవుడి పూలతో వాన లెక్క

ఈ ఉదయం పక్కింటి దర్జీ కూతురు ముంతాజ్ నా తప్పు పట్టుకుంది. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. మా మనవరాలు శారద తరగతిలో, వాన పడిన రోజుకొక గడి చొప్పున, నెలకొక వరుసగా కాగితం మీద గీస్తున్నారు. ఆ లెక్క చెప్పగలిగితే ముంతాజ్‌నూ బడిలో చేర్చుకుంటానని మేష్టారు అన్నారట.

గీసిన గళ్ళు ఆమెకెలా తెలుస్తాయి? అందుకని నేనూ శారదా, దేవుడికి కోసిన నందివర్ధనాలతో జూన్, జూలై, ఆగస్టులకు నెలకొక మాల కట్టాం. వాన పడిన రోజుకొక పువ్వు.

ముంతాజ్ మూడు మాలలనూ పక్కపక్కన పరిచి, వేళ్ళతో నెమ్మదిగా తడిమింది.

"మామ్మా, ఆగస్టు మాల నువ్వు కట్టేవా?"

"అవునే. ఏటి?"

"పొడుగ్గా ఉంది గానీ పువ్వులు తక్కువ. ఎడం ఎక్కువొదిలేసేవు. జూలై కన్నా ఆగస్టులోనే వాన ఎక్కువనుకుంటారు."

ఇన్నేళ్ళుగా రోజూ మాలలు కడుతున్నాను. పువ్వుల మధ్య ఎడం అబద్ధం చెప్పగలదని ఎప్పుడూ తోచలేదు. అన్నీ విప్పి, వేలి వెడల్పు ఎడంతో మళ్ళీ కట్టాను.

మధ్యాహ్నం మేష్టారు ఆమెను వాన లెక్క అడిగారు, విన్నారు, రిజిస్టరులో పేరు రాసుకున్నారు.

మా దేవుడి పటానికి ఈ రోజు ఒక్క పువ్వూ మిగలలేదు. పూజకు లోటు జరిగిందని నాకైతే అనిపించడం లేదు. మీరేమంటారు?