బోర్లించిన తట్ట

ఈ రోజు పొద్దున అర్ధవీడు దగ్గర మా కంది చేనుకు వెళ్తుంటే, బాట మధ్యలో ఎవరో తట్ట బోర్లించి దాని మీద రాయి పెట్టారు. ఎవరో మరిచిపోయారనుకుని ఎత్తాను. కింద బురదలో నా అరచెయ్యంత పులి అడుగు.

గట్టు మీద మేకలు తోలుకుపోతున్న వెంకటయ్య మామ కేకేశాడు. "తట్ట ఎందుకు తీసినావు అమ్మాయ్? ఫారెస్టోళ్ళు వచ్చి కొలిచేదాక మూసిపెట్టమన్నారు."

"పులుల అడవి కొండ అవతల కదా మామా, ఇక్కడికెట్ల వచ్చింది?"

"కొండ అవతల పులులకే వదిలిన కోర్ అంట, ఇవతల దాని చుట్టూ ఉండే బఫర్ అంట. మన చేను రెండిట్లోనూ లేదంట. ఆ హద్దులు మనకు చెప్పినారు గానీ దానికెవరు చెప్పినారు?"

తట్ట మళ్ళీ బోర్లిస్తూ అప్పుడు గమనించాను. అడుగు వేళ్ళు ఊరి వైపు ఉన్నాయి. ఇద్దరం చేనంతా వెతికాం. అడవి వైపు తిరిగి వెళ్ళిన అడుగు ఒక్కటీ కనిపించలేదు.

సాయంత్రం నుంచి తలుపు వేసుకుని కూర్చున్నాను. మా చుట్టుపక్కల వాళ్ళెవరికైనా పులి తిరిగి వెళ్ళిన అడుగు కనిపిస్తే, తట్ట బోర్లించే ముందు దయచేసి ఇక్కడ ఒక ఫోటో పెట్టండి. అది చూస్తే గానీ నేను తలుపు తీయను.